రంగు దిగుతోంది

తెరెసాకి ముక్కు మీద కోపమని ఫిల్మ్‌నగర్‌లో బట్టల పని చేసేవాళ్ళందరికీ తెలుసు. ఏ సినిమా డైరెక్టరయినా సరే, "ఈ ఎరుపు కాదు, ఇంకొంచెం మండే ఎరుపు కావాలి" అని ఆమె ముఖం మీద చెప్పడానికి జంకుతాడు, అసిస్టెంటును పంపిస్తాడు. ఆ అసిస్టెంటు సెల్లారు మెట్లు దిగి వచ్చి భయం భయంగా ఆ మాట అప్పజెబితే, "మండే ఎరుపంటే ఏది నాయనా? పొయ్యిలో ఎరుపా, పుండు మీద ఎరుపా?" అని అడుగుతుంది. ఆమె వెనక్కి తిరిగి చేతులు తొట్టిలో పెట్టేస్తుంది. సాయంత్రానికల్లా చీర సరిగ్గా ఆ డైరెక్టరు కళ్ళలో ఉన్న ఎరుపులోనే ఆరుతూ ఉంటుంది.

నలభై ఏడేళ్ళ మనిషి. సినిమాలకు దుస్తులు తయారుచేసి ఇచ్చే అరవింద్ వర్క్‌షాపులో ఇరవై రెండేళ్ళుగా రంగులు వేసే పని ఆమెది. అంగట్లో కొన్న బట్ట కొన్నట్టుగా కెమెరా ముందు పనికిరాదు. తెల్ల చొక్కా మరీ తెల్లగా ఉంటే తెర మీద కళ్ళు చెదురుతాయని దాన్ని పలచటి టీ డికాషన్‌లో ముంచి మెరుపు తగ్గించాలి. నిన్న కొన్న చీర ఒక పేదరాలి ఒంటి మీద నాలుగేళ్ళు నలిగినట్టు కనబడాలి. హీరోయిన్ వెనక ఆడే ముప్పై ఇద్దరి పావడాలూ ఒకే రంగులో ఉండాలి, అందులో ఒక్కటి ఒక్క ముంపు తక్కువైనా ఎడిటింగు గదిలో తిట్లు తప్పవు. ఇవన్నీ తెరెసా చేతి పనులు. ఇన్ని సినిమాల్లో ఆమె రంగులు కనిపించాయి గాని, ఆమె పేరు ఒక్కసారీ కనిపించలేదు. టైటిల్స్‌లో హీరోగారి కుక్కను పెంచేవాడి పేరు కూడా వస్తుంది. రంగు వేసినవాళ్ళ పేరు రాదు.

నరసాపురం దగ్గర పల్లెటూళ్ళో పుట్టింది. తల్లి లేసు అల్లేది. తెల్లదారం తప్ప ఇంకో రంగు ఎరగని ఇల్లది. జేవియర్‌ని కట్టుకుని హైదరాబాదు వచ్చాక, షేక్‌పేటలో రెండు గదుల ఇంట్లో కాపురం. ఆదివారం చర్చిలో దివ్యసత్ప్రసాదం అందుకోవడానికి చెయ్యి చాపితే అది ఒక వారం పసుపుగా, ఒక వారం ఊదాగా ఉండేది. ఫాదర్ గారు మొదట్లో ఉలిక్కిపడేవారు. తర్వాత తర్వాత, "ఏమ్మా, ఈ వారం ఏ సినిమా?" అని నవ్వడం మొదలుపెట్టారు.

జేవియర్ హీరోల కారవాన్ నడుపుతాడు. ఆ బండిలో పడకగది, అద్దాలు, ఏసీ, తళతళలాడే బాత్రూము. పదకొండేళ్ళుగా ఆ బాత్రూమును ఊరూరా మోసుకు తిరుగుతున్నాడు గాని, ఒక్కసారి లోపలికి వెళ్ళిన పాపాన పోలేదు. డ్రైవరుకు పర్మిషన్ లేదు. అతనిది మెత్తటి స్వభావం, నవ్వేసి ఊరుకుంటాడు. తెరెసాకి మాత్రం ఒళ్ళు మండేది. మండేది గాని, తన సంగతి మాత్రం ఆమెకు తోచేది కాదు.

ఆమె సంగతి ఇదీ. జూబ్లీహిల్స్ నుంచి ఫిల్మ్‌నగర్‌కి దిగే ఒక వాలు వీధిలో మూడంతస్తుల ఇల్లు అరవింద్‌ది. సెల్లారులో రంగు తొట్లు, వాటి దగ్గర ఏడుగురు ఆడవాళ్ళు. వీధి మట్టానికి ఉన్న మొదటి అంతస్తులో టైలర్లు, అరవింద్ గది, నటులు వచ్చి బట్టలు వేసుకు చూసుకునే గది. ఆ గది పక్కన మొత్తం ఇంటికీ ఒకటే బాత్రూము. హీరోయిన్లు వస్తారు, శుభ్రంగా ఉండాలి అని దానికి తాళం వేశారు. తాళంచెవి అరవింద్ బల్ల సొరుగులో ఉంటుంది. కింద పనిచేసే ఆడది రంగు చేతులతో మెట్లెక్కి, పదిమంది మగ టైలర్ల మధ్య నడిచి, "సార్, తాళంచెవి" అనాలి. అతను ఫోన్లో మాట్లాడుతూ ఒక వేలు చూపిస్తాడు, ఆగమని. ఆ వేలు దిగేసరికి పావుగంట. ఇంత అవమానం కంటే మంచినీళ్ళు మానెయ్యడం సులువని ఆ ఏడుగురూ ఎప్పుడో తేల్చుకున్నారు. పొద్దున ఇంట్లో వెళ్ళి వస్తే మళ్ళీ సాయంత్రం ఇంట్లోనే. వేసవిలో కూడా అంతే. ఎండుగొంతుతో, వేడి తొట్ల మీద వంగి, పొద్దుగూకేదాకా పని.

ఆ పని ఆమెకు నేర్పింది వీరయ్య మేస్త్రి. డబ్బాల మీద పేర్లుండవు. సప్లయరు తెచ్చి పోసిన పొడికి వీళ్ళే పేర్లు పెట్టుకుంటారు. మందారం, నెమలికంఠం, గోరింట, బూడిద. తొట్టిలో ఉప్పు సరిపోయిందో లేదో వేలు ముంచి నాలుక చివర పెట్టి చూడాలని వీరయ్యే నేర్పాడు. ఇంకో మాట కూడా నేర్పాడు. కొత్తగా రంగు వేసిన బట్టను ఉతికితే నీళ్ళలోకి రంగు వచ్చేస్తుంది చూడండి, దాన్ని వాళ్ళు రంగు దిగడం అంటారు. పని మొదలుపెట్టిన కొత్తల్లో ఒకసారి మూత్రం నారింజ రంగులో పోతే తెరెసా బెంబేలెత్తి, సిగ్గు విడిచి వీరయ్యనే అడిగింది. అతను పడీ పడీ నవ్వాడు. "మనకీ రంగు దిగుద్దమ్మా. పొద్దస్తమానం పీలుస్తున్నాం, ఎక్కడో అక్కడ దిగాలి కదా" అన్నాడు. ఆ మాట సెల్లారులో వేదవాక్యం అయిపోయింది. ఎవరికి ఏ రంగు కనిపించినా, రంగు దిగుతోందిలే అనుకోవడమే, నవ్వుకోవడమే.

వీరయ్య ఏడేళ్ళ కిందట మంచాన పడితే వాళ్ళ ఊరు తీసుకుపోయారు, అక్కడే పోయాడు. ఏం జబ్బని అడిగితే "ఏదో మూత్రం జబ్బట" అన్నారు. అందరూ అయ్యో అన్నారు. ఏం జబ్బో ఇంకొక్క మాట అడిగినవాళ్ళు లేరు.

రెండేళ్ళ కిందట తెరెసాకి పొత్తికడుపులో మెలితిప్పినట్టు నొప్పి వచ్చింది. వీధి చివర డాక్టరు రాయి ఉందన్నాడు. మూడు లీటర్ల నీళ్ళు, బార్లీ జావ తాగమన్నాడు. నీళ్ళు తాగితే వెళ్ళాలి, వెళ్ళాలంటే తాళంచెవి అడగాలి. బార్లీ ప్యాకెట్టు అలమారులోనే పురుగు పట్టిపోయింది. నొప్పి వచ్చినరోజు ఒక మాత్ర వేసుకుని పనిలోకి వెళ్ళేది. తర్వాత కొన్నాళ్ళకు ఎర్రగా పోవడం మొదలైంది. నొప్పి లేదు, మంట లేదు. నాలుగురోజులు ఎరుపు, మళ్ళీ నెలరోజులు మామూలు. రంగు దిగుతోంది అనుకుంది. ఎనిమిది నెలలు అలాగే అనుకుంది.

ఆ అనుకోవడానికి తెర దించింది జెరూష. తెరెసా చెల్లెలి కూతురు. వెంగళరావు నగర్‌లో హాస్టల్లో ఉంటూ, ఊరి చివర మందులు పరీక్షించే ఒక ల్యాబులో ఎలుకల గది చూసుకునే ఉద్యోగం చేస్తోంది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక పెద్దమ్మ ఇంటికి భోజనానికి వచ్చి, చేతులు కడుక్కోవడానికి బాత్రూములోకి వెళ్ళి, వెంటనే బయటికి వచ్చింది.

"పెద్దమ్మా, లోపల అదేంటి? ఎర్రగా?"

"అదా. నీళ్ళు పొయ్యడం మర్చిపోయుంటాను. రంగులేవే."

"ఏం రంగు?"

"మా పనిలో మామూలే. వేసిన రంగు ఇలా దిగుతుంది."

"ఈ వారం ఏ రంగు వేశావు?"

తెరెసా సమాధానం చెప్పబోయి తన చేతులకేసి చూసుకుంది. మోచేతుల దాకా నెమలికంఠం. వారం రోజులుగా, ఆ మాటకొస్తే పది రోజులుగా, ఆ సెల్లారులో నీలం తప్ప ఇంకో డబ్బా మూత తియ్యలేదు.

"అన్నం దగ్గర ఆ మాటలేంటే, బుద్ధి లేకుండా!" అని గయ్యిమంది. కోపం ఆ పిల్ల మీద కాదని ఇద్దరికీ తెలుస్తూనే ఉంది. చేపల పులుసు చల్లారిపోయింది. జేవియర్ లేచి వెళ్ళి బాత్రూములో నీళ్ళు పోసి వచ్చాడు.

మర్నాడు పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళింది జెరూషే. మూత్రాశయంలో చింతగింజంత రాయి ఉంది. రాయి పక్కనే గోడకు కాలీఫ్లవర్ పువ్వులా ఒక పెరుగుదల ఉంది. డాక్టరు ప్రజ్ఞ మత్తిచ్చి, మూత్రం వచ్చే దారిలోంచే గొట్టం పంపి, రెండూ తీసేసింది. ముక్క పరీక్షకు వెళ్ళింది. ఆమె ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే క్యాన్సరని వచ్చింది. "కండలోకి దిగలేదు, అదృష్టవంతురాలు. కానీ మళ్ళీ వచ్చే గుణం దీనికి ఎక్కువ. మూడు నెలలకోసారి లోపల చూడాలి, ఒక్కసారి కూడా తప్పకూడదు" అంది. తర్వాత కాగితం తీసి అడిగింది.

"ఏ రంగులతో పని చేస్తారమ్మా?"

"ఎక్కువ మందారం అండీ."

"అది రసాయనం పేరు కాదు కదా. డబ్బా మీద ఏముంటుంది?"

"ఏముండదండీ. ఒట్టి రేకు డబ్బా."

డాక్టరు కలం ఆగిపోయింది. పేరు లేకపోతే అది ఏ జాతి రంగో చెప్పలేనంది. చెప్పలేకపోతే, ఈ జబ్బు ఆ పని వల్లే వచ్చిందని రాయలేనంది. ఇరవై రెండేళ్ళు నాలుక మీద పెట్టుకుని చూసిన పదార్థం పేరు తనకు తెలియదు. దాని రుచి తెలుసు, దాని వాసన తెలుసు, మూడో ముంపులో అది ఏ ఛాయకు తిరుగుతుందో తెలుసు. పేరు మాత్రం ఎవ్వరూ చెప్పలేదు, తనూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని జెరూష ఎలుకల సంగతి చెప్పింది. చెప్పాలని కాదు, తెరెసానే గుచ్చి గుచ్చి అడిగింది.

"మీ ల్యాబులో ఎలుకలకి ఇదే తెప్పిస్తారటగా? ఎలా తెప్పిస్తారో చెప్పు."

జెరూష ముందు తటపటాయించింది. "మూడు వరసలుంటాయి పెద్దమ్మా. మొదటి వరసకి క్యాన్సర్ తెచ్చే మందు కొంచెమే ఇస్తారు. ఆ కొంచానికి చాలా ఎలుకలకి ఏమీ రాదు. రెండో వరసకి మేతలో ఒక పొడి కలుపుతారు. అది మూత్రంలో గట్టిపడి రాళ్ళవుతుంది. మూడో వరసకి ముందు ఆ మందు, తర్వాత ఆ పొడి, రెండూ."

"మూడో వరసేగా ముందు పోయేది?"

"గడ్డలు ఎక్కువ వచ్చేది వాటికే. త్వరగా వచ్చేదీ వాటికే."

"రాయి ఏం చేస్తుంది?"

"గీకుతుంది. గీకిన చోట లోపలి పొర మళ్ళీ పుడుతుంది. మళ్ళీ గీకుతుంది, మళ్ళీ పుడుతుంది. అలా తొందర తొందరగా పుట్టేటప్పుడు, మందు పాడుచేసిన కణం ఒక్కటున్నా అదీ వాటితో పాటు పెరిగిపోతుంది. మందు విత్తనం వేస్తే రాయి దుక్కి దున్నుతుందనుకో." ఆగి, గబగబా అంది. "ఎలుకలో చూసింది మనిషిలో అచ్చం అలాగే జరుగుతుందని ఎవరూ అనరు పెద్దమ్మా. అది నాలుగు కాళ్ళ మీద ఉండేది, రాయి దాని మూత్రపు సంచిలోనే కూర్చుంటుంది. మనిషి నిలబడతాడు, చిన్న రాయి చాలాసార్లు జారిపోతుంది. నీకు రాయి వల్లే వచ్చిందని నేను చెప్పలేను."

"మరి రంగు వల్ల?"

"రంగుల ఫ్యాక్టరీల్లో పనివాళ్ళకి ఈ జబ్బు వస్తోందని కనిపెట్టి నూరేళ్ళు దాటింది. కొన్ని జాతుల రంగులు. ఆ సంగతిలో ఎలుకల కంటే ముందు మనుషులే పోయారు."

నూరేళ్ళు. తెరెసా పళ్ళు నూరింది. నూరేళ్ళ కిందట తెలిసిన ముక్క ఫిల్మ్‌నగర్ వాలు వీధిలోకి ఎందుకు రాలేదు? కొత్త కెమెరా నెల తిరక్కుండా వస్తుంది. ఏ దేశంలో కొత్త మోస్తరు జాకెట్టు కుట్టినా మర్నాటికల్లా అరవింద్ ఫోన్లో ఫోటో ఉంటుంది. ఈ ఒక్క ముక్కకే దారి దొరకలేదు కాబోలు.

"ఆ ఎలుకలకి నీళ్ళిస్తారా?" అని అడిగింది.

"నీళ్ళా? అయ్యో, నీళ్ళు తగ్గనిస్తే ఇంకేమైనా ఉందా! పొద్దునా సాయంత్రం ప్రతి సీసా చూసి సంతకం పెట్టాలి. పోయినేడాది ఒక్క సీసా ఎండిపోయి ఉందని నాకు మెమో ఇచ్చారు. జంతువుల్ని బాధపెట్టకుండా చూసే కమిటీ ఉంటుంది, వాళ్ళొచ్చి తనిఖీ చేస్తారు."

తెరెసా మంచం మీద లేచి కూర్చుంది. ఆ తర్వాత వచ్చిన మాటలు పక్క మంచాల వాళ్ళందరికీ వినిపించాయి. "రోగం అంటించడానికి తెచ్చుకున్న ఎలుకకి పూటకోసారి నీళ్ళు చూసేవాడున్నాడు! నీళ్ళు ఎండితే అడిగేవాడున్నాడు! ఏడుగురు ఆడవాళ్ళం గొంతెండబెట్టుకుని, ఉగ్గబట్టుకుని చస్తుంటే మమ్మల్ని చూసే కమిటీ ఏదే? మేం ఎలుకపాటి చెయ్యమా?" నర్సు పరిగెత్తుకొచ్చింది. మూత్రం పోవడానికి పెట్టిన గొట్టం లాగి నొప్పి పెడుతున్నా తెరెసా తగ్గలేదు.

నర్సు వెళ్ళాక జెరూష ఆమెను ఊరడించడానికే ఇంకో మాట చెప్పింది. "మధ్యలో ఆ పొడి ఆపేస్తే రాళ్ళు పోయి, సంచి లోపలి పొర మళ్ళీ మామూలుగా అయిన ఎలుకలు కూడా ఉన్నాయి. గడ్డ రాకముందు ఆపితే."

ఊరడింపు కాలేదది. ఏడాది కిందట సెల్లారులో భువన తన చెవి దగ్గర గుసగుసగా ఒక మాట చెప్పింది. "అక్కా, నాకు ఎర్రగ పోతున్నది" అని. భువనకు ఇరవై ఎనిమిదేళ్ళు, యూసుఫ్‌గూడ పిల్ల, చేతిలో పనితనం ఉంది, ఆరేళ్ళుగా తెరెసా దగ్గరే నేర్చుకుంటోంది. ఆ పిల్ల అంత భయంతో చెప్పిన మాటకు తెరెసా ఏం చేసిందో గుర్తొచ్చింది. పడీ పడీ నవ్వింది. వీరయ్య నవ్వినట్టే నవ్వి, "రంగు దిగుతోందే పిచ్చిదానా" అంది.

ఇంటికి పంపిస్తూ పది రోజులు పనికి వెళ్ళొద్దన్నారు. ఫోన్లు చేస్తే భువన ఎత్తలేదు. పదకొండో రోజు పొద్దున్నే జేవియర్ వద్దంటున్నా వినకుండా తెరెసా ఫిల్మ్‌నగర్ వెళ్ళింది. మెట్లు దిగుతుంటే కడుపులో ఇంకా సలుపుతోంది. సెల్లారులో ఎర్ర తొట్టి పొగలు కక్కుతోంది. భువన మోచేతుల దాకా మందారంలో ఉంది. పక్కన సాయిసుధ తడి పావడాలు పిండుతోంది. సాయిసుధ అసలు పని హుక్కులు కుట్టడం, తొందర పనులప్పుడు తొట్టి దగ్గరికి వస్తుంది. అరవింద్ మెట్ల మీద నిలబడి ఫోన్లో ఎవరికో మాటిస్తున్నాడు. ఆమెను చూసి ఫోను పెట్టేశాడు.

"తెరెసా గారూ! మీరు రెస్టులో ఉండాలి కదా. పని గురించి టెన్షన్ పెట్టుకోకండి. భువన చూసుకుంటుంది. ఈ సినిమాకి డై మాస్టర్ తనే. టైటిల్స్‌లో పేరు కూడా వేయిస్తున్నాను."

భువన తల ఎత్తలేదు. ఇరవై రెండేళ్ళు తనకు రాని పేరు ఆ పిల్లకు ఎర వేశాడని తెరెసాకి అర్థమైంది. మామూలు రోజయితే అసూయ పడేదేమో. ఇప్పుడు ఆమె చూపు ఆ పిల్ల మోచేతుల మీదే ఉంది.

"ఆ డబ్బాలో ఉన్నదేంటండీ? దాని పేరు కావాలి. డాక్టరమ్మ అడిగింది" అంది.

"సప్లయర్ తెస్తాడు. నాకెలా తెలుస్తుంది?"

"అడగండి."

"అడిగితే ఎవడు చెప్తాడండీ? వాళ్ళ బిజినెస్ సీక్రెట్ అది." కాస్త గొంతు తగ్గించాడు. "చూడండి, మీ అమ్మాయి ఎవరో ఎలుకల మీద చూసిందంటున్నారట. జేవియర్ చెప్పాడు. ఎలుకలకి వస్తే మనుషులకి వస్తుందని రూలేమీ లేదు కదా. ఇక్కడ పని చెయ్యడం వల్లే అనడానికి ప్రూఫ్ ఉందా?"

"ప్రూఫా? నా కడుపులోంచి తీసి సీసాలో పెట్టారు. చూసొస్తారా?" తెరెసా గొంతు పై అంతస్తుకి వినబడింది. కుట్టు మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. "రాయొక వైపు గీకింది, రంగొక వైపు తిన్నది. ఏది ఎంత చేసిందో నాకు తెలీదు. ఆ రెండూ నేను సంపాదించింది ఎక్కడండీ? మా ఇంట్లోనా? చర్చిలోనా? తాళంచెవి కోసం మీ వేలు దిగేదాకా నిలబడలేక నీళ్ళు మానేసింది ఎక్కడ?"

"అరిచి గోల చేస్తే ఎలా? అందరూ వింటున్నారు."

"వినాలనే అరుస్తున్నాను!"

అతని ముఖం మాడిపోయింది. తెరెసా అతన్ని వదిలేసి భువన వైపు తిరిగింది. అంతసేపూ అరిచిన గొంతు తగ్గించి అడిగింది.

"భువనా, పోయినేడు నాకో మాట చెప్పావు. మళ్ళీ అయిందా?"

"గిప్పుడెందుకక్కా అది? పని ఉన్నది నాకు."

"అయిందా లేదా?"

భువన తొట్టిలోంచి చేతులు తియ్యకుండానే మెల్లగా అంది. "మూడుసార్లయింది. నీకు చెప్దామనుకున్న. మళ్ల నవ్వుతవని చెప్పలె."

తెరెసా చెంప ఛెళ్ళుమన్నట్టయింది. సప్లయరు మీద, అరవింద్ మీద, పోయిన వీరయ్య మీద, నూరేళ్ళ మీద ఇన్ని రోజులుగా మండిపడుతోంది. ఈ పిల్లకు అబద్ధం నేర్పింది మాత్రం వాళ్ళెవరూ కాదు. తనే. భువన మోచెయ్యి పట్టుకుని లాగింది. "పేరు తర్వాత వేయించుకోవచ్చు. నడు" అంది. అరవింద్ ఏదో అంటూనే ఉన్నాడు. ఇద్దరూ మెట్లెక్కి, టైలర్ల మధ్య నుంచి, ఎర్రటి నీళ్ళు కారుతున్న చేతులతో వీధిలోకి వచ్చేశారు. మొదటి ఆటోవాడు ఆ చేతులు చూసి ఆపలేదు. రెండోవాడు ఆపాడు.

ఆసుపత్రిలో ముందు స్కానింగు అన్నారు. లీటరు నీళ్ళు తాగి, మూత్రాశయం నిండేదాకా బిగబట్టుకు కూర్చోవాలి. "ఆపుకోగలరా? కొంతమందికి కష్టంగా ఉంటుంది" అని అడిగింది అక్కడి అమ్మాయి. భువన వింతగా నవ్వింది. "గదొక్కటి మాకు మస్తుగొస్తది మేడమ్" అంది. గంటన్నర కిమ్మనకుండా కూర్చుంది. స్కాను అయ్యాక ఆ అమ్మాయి, "ఇంక వెళ్ళొచ్చమ్మా, బాత్రూం ఆ చివర" అని చూపించింది. భువన నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి అడిగింది.

"తాళంచెవి ఎవర్నడగాలె మేడమ్?"

ఆ అమ్మాయికి ప్రశ్న అర్థం కాలేదు. తెరెసాకి అర్థమైంది, గోడకేసి తిరిగి నిలబడింది.

మర్నాడు డాక్టరు ప్రజ్ఞ గొట్టం వేసి లోపల చూసింది. బఠాణీ గింజంత రాయి ఉంది. రాయి ఆనుకున్న చోట లోపలి పొర వాచి, ఎర్రబడి, దళసరిగా ఉంది. పెరుగుదల లేదు. అనుమానం తీరడానికి చిన్న ముక్క తీసి పంపుతానంది, రాయి తీసేస్తానంది. "సరైన సమయానికి వచ్చారు. ఇంక ఆ రంగు పొడి ముట్టుకోకూడదు, మూత్రం ఆపుకోకూడదు. ఈ రెండూ ఆగితే అది మామూలుగా అయ్యే అవకాశం ఉంది. నేను ఒట్టేసి చెప్పలేను, కానీ ఉంది" అంది.

వరండాలో బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. తెరెసాకి ఊపిరి అందింది గాని కోపం చల్లారలేదు. ఈ మాట వీరయ్యకు చెప్పే డాక్టరు దొరకలేదు. తనకు ఎనిమిది నెలలు ఆలస్యంగా దొరికింది. భువన ఫోను మోగింది. అరవింద్. భువన ఒకసారి తెరెసా ముఖం చూసి, స్పీకరు పెట్టింది.

"భువనా, ఎక్కడున్నావ్? రేపు సాంగ్ షూట్. పదహారు పావడాలు ఇంకా తెల్లగానే ఉన్నాయి. తెరెసా గారి మాటలు పట్టుకుని కెరీర్ పాడుచేసుకోకు. నీ పేరు సింగిల్ కార్డ్ వేయిస్తానని చెప్పాను కదా."

సింగిల్ కార్డంటే తెర మీద ఆ ఒక్క పేరే, పక్కన ఇంకెవరి పేరూ లేకుండా. భువన కళ్ళు మూసుకుంది. ఆరేళ్ళ ఆశ అది, తెరెసాకి తెలుసు. వద్దని అనడానికి నోరు తెరిచి, మూసుకుంది. ఈ మాట ఆ పిల్ల నోట్లోంచే రావాలి.

"నా పేరు తర్వాత ఏద్దురు గాని సార్. ముందుగాల ఆ డబ్బా మీద దాని పేరు ఏయుర్రి. పేరు లేనిదాంట్ల నేను చెయ్యి పెట్ట" అంది భువన.

అవతల ఒక నిట్టూర్పు వినబడింది. "సరే, నీ ఇష్టం. సాయిసుధ ఉందిగా, తను వేస్తుంది" అని అరవింద్ ఫోను పెట్టేశాడు.

బెంచీ మీద ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. తెరెసా లేచి నిలబడింది, కడుపు పట్టుకుని, ఆటో పిలవడానికి. భువన అప్పటికే సాయిసుధకు ఫోను కలిపింది. స్పీకరులో సెల్లారు చప్పుడు వినిపిస్తోంది, తొట్టిలో నీళ్ళు కలియబెడుతున్న చప్పుడు.

"సుధా, తొట్టిల చెయ్యి పెట్టకు. మేమొస్తున్నం. జర సైడుకొచ్చి ఒక్క మాట చెప్పు, సిగ్గుపడకు. నీకు మూత్రం ఎట్ల పోతున్నది? ఎర్రగనా?"

నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"నీకెవరు చెప్పిన్రక్కా?" అంది సాయిసుధ.